ఉప్పుగాలిలో ఆటస్థలం



చిక్కడపల్లిలో కూర్చుని సముద్రపు గాలి సంగతి చెబుతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. మనకు సముద్రమైనా సాగరమైనా హుస్సేన్ సాగరే కదా! కాని మన నారాయణగూడలో, అశోక్ నగర్‌లో విశాఖపట్నానికో కాకినాడకో ఆడపిల్లను ఇచ్చిన ఇళ్ళు తక్కువా? నాకూ ఒక అక్కయ్య ఉంది, విశాఖలో లాసన్స్ బే కాలనీలో. ఈ ప్రసంగం ఆవిడ చలవే.

పికిల్ బాల్ అనే ఆట పేరు మీ పిల్లల నోట వినే ఉంటారు. 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, సెలవుల్లో ఇంట్లోవాళ్ళకు తోచక పాత బాడ్మింటన్ కోర్టులో మొదలుపెట్టిన ఆట ఇది. చేతిలో చెక్కబ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే మన షటిల్ డబుల్స్ కోర్టు కొలతే. చుట్టూ తిరగడానికి చోటు కలుపుకుంటే 60కి 30 అడుగులైనా కావాలి.

అక్కయ్యవాళ్ళ అపార్టుమెంట్ల ఆడవాళ్ళు చీటీ డబ్బులోంచి తలా కొంత వేసుకుని, వెనకవైపు ఖాళీస్థలంలో ఈ కోర్టు వేయించుకున్నారు. నీలం రంగు, తెల్లగీతలు, చూడముచ్చటగా ఉందట. రెండు వర్షాకాలాలు గడిచాయో లేదో, రంగు అప్పడంలా పొంగింది. నెట్టు స్తంభాలు తుప్పుపట్టి, ఎర్రటి చారలు నేలమీదికి దిగాయి. పోయిన కార్తీకంలో ఎదురింటి పిన్నిగారు నీళ్ళు నిలిచి పాచిపట్టిన మూల జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టిన మేస్త్రీని అడిగితే, “సముద్రం పక్కన అంతేనమ్మా” అన్నాడు. అసోసియేషన్ పెద్దలేమో మళ్ళీ డబ్బులు వెయ్యండి, మళ్ళీ రంగు కొట్టిద్దామన్నారు. “ఏమే, రంగుదేనా తప్పు?” అని అక్కయ్య నాకు ఫోను చేసింది. నేను పదో క్లాసుతో ఆగినదాన్ని. అయినా తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నాను.

ఆవకాయను ఇనప గిన్నెలో పెట్టే ఇల్లాలు ఎవరైనా ఉందా? ఉప్పు ఇనుమును తినేస్తుందని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గర ఊరంతా ఆ జాడీలో ఉన్నట్టే. గాలిలోనే ఉప్పు. అందుకని స్తంభాలకు పైపైన రంగు చాలదు. కోతలూ చిల్లులూ అన్నీ అయిపోయాక, కరిగిన జింకులో ముంచి తీసినవి కావాలి. ముంచాక చిల్లు పొడిస్తే ఆ చిల్లులోంచే తుప్పు మొదలు. మరలూ బోల్టులూ స్టీలువే అని కొట్టువాడు అంటాడు. ఏ స్టీలని అడగండి. మంచి రకం వంటగిన్నెలకు వాడే 304 కన్నా, మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది. బోల్టులు ఎన్నో ఉండవు, ఖరీదెక్కువైనా అక్కడ పిసినారితనం వద్దు.

ఇక నేల. అసలు పిన్నిగారు జారింది స్తంభం వల్ల కాదు గదా! కాంక్రీటులో సముద్రపు ఇసుక, ఉప్పునీటి బోరునీళ్ళు కలిపితే లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, నేల పగులుతుంది. కింద మందపాటి పాలిథిన్ పరవకపోతే మట్టిలో చెమ్మ పైకి వచ్చి రంగును అప్పడంలా పొంగిస్తుంది. అక్కయ్యవాళ్ళకు జరిగింది అదే. పైన ఎన్ని పూతలు వేసినా ఆ చెమ్మ ఊరుకోదు. కాంక్రీటు పోశాక 28 రోజులు ఆగకుండా రంగు వెయ్యకూడదు. మన మేస్త్రీలకు ఆ ఓపిక ఉండదు, ఆగాల్సింది మనం.

వాలు మాట మరవకండి. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున, ఒకేవైపుకు ఉండాలి. 30 అడుగుల వెడల్పుకు మూడున్నర అంగుళాల పైచిలుకు. ఆడేటప్పుడు కాలికి తెలియదు, వాననీటికి తెలుస్తుంది. కోర్టు పొడుగు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దునా సాయంత్రమూ ఎండ కళ్ళలో పడదు. రంగుకు సంక్రాంతి తరువాతి రోజులు మంచివి. మంచు ఆరాక మొదలుపెట్టి, సాయంత్రం చెమ్మ దిగకముందే ఆరేలా వెయ్యాలి. రంగులో సన్నని ఇసుక కలిసి ఉండాలి, లేకపోతే తడిలో నున్నగా జారుతుంది.

తరువాతి పోషణ మనకు చేతనైనదే. వారానికోసారి మంచినీళ్ళతో కడిగితే స్తంభాల మీది, కంచె మీది ఉప్పు పోతుంది. పాచికి మెత్తని బ్రష్షు, పలచని బ్లీచింగు నీళ్ళు, తరువాత శుభ్రంగా కడగటం. బాత్‌రూము ఆసిడ్ మాత్రం పొయ్యకండి, రంగునూ కాంక్రీటునూ కూడా తినేస్తుంది. ఇనప కుర్చీలు ఈడ్చకండి. (వడియాలు ఎండబెట్టుకోవచ్చా అని అక్కయ్య అడిగింది. నూనె మరక పడితే జారుతుందన్నాను, మానేసింది.) కంచెకు కట్టే ఆకుపచ్చ గుడ్డ తుఫాను రోజున తెరచాప అయి స్తంభాలను పడగొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళు అక్కడ ఉన్నారు, వాళ్ళకు గాలి సంగతి చెప్పనక్కర్లేదు. హెచ్చరిక రాగానే గుడ్డా నెట్టూ విప్పి లోపల పెట్టుకోవాలి.

ఇదంతా అక్కయ్య కాగితం మీద రాసుకుని మీటింగులో చదివింది. “ఆడవాళ్ళకెందుకమ్మా ఇవన్నీ” అని ఒకాయన అన్నాడట. “డబ్బు మాదండీ, విరిగిన చెయ్యీ మాదే” అన్నారట పిన్నిగారు, కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ. పాత నేల పెళ్ళగించి మళ్ళీ పోయించారు.

మొన్న శివరాత్రి వెళ్ళినవారం నేను వెళ్ళాను. 28 రోజులూ నిండాయి, రంగు ఇంకా పడలేదు. గొట్టంతో కోర్టంతా నీళ్ళు పట్టి, గంటసేపు ఆగారు. తరువాత ఆడవాళ్ళందరూ చీరలు ఎగదోపుకుని, నీళ్ళు నిలిచినచోటల్లా రూపాయి బిళ్ళ పడుకోబెట్టి చూశారు. బిళ్ళ మునిగితే అది గుంట కింద లెక్క, పూడ్చాల్సిందే. అంతటా పైకి కనబడింది గాని, పిన్నిగారు పడిన మూలే మళ్ళీ మునిగింది. మేస్త్రీకి కబురు చేశారు. వచ్చి సరిచేసి, మళ్ళీ నీళ్ళు పట్టి చూపించేదాకా రంగు డబ్బు ఇచ్చేది లేదని ఆ బిళ్ళను పిన్నిగారు కొంగున ముడి వేసుకున్నారు.