గగనమార్గమున వచ్చిన జాబులు



తపాలా బిళ్ళలు కూర్చుట పిల్లల వినోదమని మన పల్లెలలో చాలమంది తలంపు. కవరు వచ్చినంతనే బిళ్ళయున్న మూలను చింపి, గిన్నెడు నీళ్ళలో నానవేసి, ఒలిచి ఆరబెట్టి పుస్తకమున అంటించుట, మిగిలిన కవరును పొయ్యిలో వేయుట మన యిండ్లలో వాడుక. విమానపు తపాలా విషయమున ఇంతకంటె హానికరమైన వాడుక వేరొకటి లేదు. ఏలయన, అందు విలువ బిళ్ళలో కంటె కవరులో ఎక్కువ. ఎంత వెల చెల్లించిరో బిళ్ళ చెప్పును. ఏ దినమున బయలుదేరెనో, ఏ త్రోవను వచ్చెనో, ఎక్కడ విమానము దిగి రైలెక్కెనో, ఎన్నాళ్ళకు చేరెనో కవరు చెప్పును. బిళ్ళను ఒలిచిన చేయి ఆ చరిత్రను తుడిచివేయుచున్నది.

ఈ చరిత్రకు తొలిపుట మన దేశమునందే వ్రాయబడినది. 1911 ఫిబ్రవరి 18 వ తేదీన అలహాబాదులో జరుగుచున్న వస్తుప్రదర్శనమునుండి హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు హంబర్-సోమర్ విమానమున ఒక తపాలా సంచితో ఎగిరి, యమునను దాటి నైనీలో దిగెను. దూరము ఆరు మైళ్ళు. సంచిలోని జాబులు సుమారు ఆరు వేలు. ప్రభుత్వానుమతితో విమానము తపాలాను మోయుట లోకమున ఇదియే ప్రథమము. ఇంగ్లండులో లండను నుండి విండ్సరుకు అట్టి తపాలా ఎగిరినది అదే సంవత్సరము సెప్టెంబరులో గాని కాదు. అలహాబాదు ఏర్పాటు చేసినవాడు వాల్టర్ విండ్‌హామ్. అక్కడి విద్యార్థి వసతి గృహమునకు ధనము కావలెనని హాలండ్ అను క్రైస్తవాచార్యుడు కోరగా, ఈ జాబులపై తలకొక ఆరణాల రుసుము విధించి ఆ సొమ్ము వసతి గృహమునకిచ్చిరి. సామాన్యమైన జాబుకు అర్ధణా చాలిన కాలమున ఆరణాలనగా పండ్రెండు జాబుల వెల! అయినను సంచి నిండినది. విమానము, కొండలు, ఎగిరెడి బొమ్మతో కూడిన గుండ్రని ముద్రను ఆ కవరులకై ప్రత్యేకముగా చెక్కించిరి. నైనీలో దిగిన పిమ్మట ఆ జాబులు తక్కిన తపాలాతో కలిసి రైలెక్కి పోయినవి. ఇప్పటికిని సేకర్తలు ఆ ముద్రను చూచి కన్నులకద్దుకొందురు. 1961 లో భారత ప్రభుత్వము ఈ యానమునకు స్వర్ణోత్సవ బిళ్ళలను, 2011 లో శతవార్షిక బిళ్ళలను వెలువరించినది.

అలహాబాదు సంగతి ఒక వేడుక. నిత్యముగా నడచు విమానపు తపాలా మన దేశమునకు వచ్చుటకు మరి పదునెనిమిదేండ్లు పట్టినది. 1929 మార్చి 30 న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను నుండి కరాచీకి వారపు తపాలాను ఆరంభించిరి. ఇందొక విడ్డూరము కలదు. పేరు విమానపు తపాలాయే గాని, బాసెల్ మొదలు జెనోవా వరకు సంచులు రైలులో పోయెడివి. అచ్చటనుండి నీటిపై దిగు విమానము వానిని మధ్యధరా సముద్రము దాటించెడిది. పిమ్మట ఎడారుల మీదుగా మరియొక విమానము. ఆ యేడే నాసిక్ ముద్రణాలయమున ఇండియా విమానపు తపాలా బిళ్ళలు రెండణాలు మొదలు పండ్రెండణాల వరకు ఆరు వెలలలో అచ్చయినవి. వానిపై రాజుగారి ముఖము ఒక ప్రక్కను, ఎగురుచున్న విమానము మరియొక ప్రక్కను కలవు.

దక్షిణాదికి ఈ తపాలాను తెచ్చినవారు టాటాలు. 1932 అక్టోబరు 15 ఉదయము 6 గంటల 35 నిమిషములకు జె. ఆర్. డి. టాటా తానే పస్ మోత్ విమానమును నడుపుకొనుచు కరాచీ నుండి బయలుదేరి, అహమదాబాదులో ఆగి, మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు బొంబాయి జుహూలో దిగెను. అహమదాబాదులో విమానమునకు పెట్రోలు వచ్చినది ఎడ్లబండి మీద, నాలుగు గ్యాలనుల డబ్బాలలో! బొంబాయిలో ఆ సంచులను నెవిల్ విన్సెంట్ అందుకొని బళ్ళారి మీదుగా మరునాడు మద్రాసు చేర్చెను. మన ప్రాంతమునకు ఈ తపాలా మొదట దగ్గరగా దిగిన చోటు ఆ బళ్ళారియే. గద్వాలకు సుమారు నూరు మైళ్ళు. పిదప కొన్నేండ్లకు బళ్ళారికి మారుగా హైదరాబాదు మజిలీ అయినది. హైదరాబాదు నుండి మద్రాసుకు పటముపై ఒక తిన్నని గీత గీచినచో, అది దేవరకొండ ప్రాంతము మీదుగా పోయి కృష్ణను దాటును. ఆ రోజులలో ఆముదపు చేలలో పనిచేయుచు తలయెత్తి విమానమును చూచిన రైతునకు, దానిలో జాబుల సంచులున్నవని తెలిసి యుండునా!

ఆ రైతే గాదు, పల్లెటూరి పట్వారీయైనను ఒక జాబును ఆ విమానమున పంపదలచినచో ఎన్ని చిక్కులు పడవలసి యుండెనో నేటివారికి ఊహకందదు. సేకర్తకు అసలు రసవత్తరమైన ఘట్టమిదియే. నిజాం రాష్ట్రమునకు 1869 నుండి తన సొంత తపాలా బిళ్ళలు కలవు. 1871 నాటి బిళ్ళలపై వెల ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు లిపిలో గూడ అచ్చయినది. తెలుగు చదువునకు సర్కారు కొలువులో ఆదరము లేని రాజ్యమున ఈ చిన్ని కాగితముపై తెలుగక్షరములుండుట గమనింపదగిన సంగతి. అయితే ఈ బిళ్ళలు రాష్ట్రపు ఎల్లలలోపల మాత్రమే చెల్లును. ఎల్ల దాటి పోవలసిన జాబునకు ఇండియా ప్రభుత్వపు బిళ్ళ కావలెను. అందుచేత ఒకే రాజ్యమున రెండు తపాలాలు నడచెను: ఊరూర నిజాం సర్కారు టపా, సికిందరాబాదు, రెసిడెన్సీ వంటి చోట్ల అంగ్రేజీ టపా.

డబ్బు చిక్కు మరియొకటి. రాష్ట్రమున చెలామణియైనది హాలీ సిక్కా. ఇండియా బిళ్ళ వెల కల్దారు నాణెమున. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. కనుక విమానపు రుసుము వ్రాసియున్నదానికంటె ఆరవ వంతు అధికముగా పల్లెవాని చేతినుండి జారెడిది. ఆ మీదట కాలగణన. సర్కారు దస్తరములన్నియు ఫసలీ లెక్కన నడచినవి. కవరులోని జాబుపై 1344 అని యున్నచో బెదరనక్కరలేదు. సుమారు 590 కలిపిన క్రీస్తు శకము వచ్చును. కవరుపై ఒక యెంచు, లోపలి జాబుపై మరియొక యెంచు చూచి నకిలీయని పారవేయరాదు.

1931 లో నిజాం ప్రభుత్వము చక్కని చిత్రముల బిళ్ళలు వెలువరించినది. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల వాకిలి, బీదరు మదరసా, దౌలతాబాదు విజయస్తంభము వానిపై కలవు. విమానము మాత్రము లేదు. ఆ ప్రభుత్వము విమానపు తపాలాకని బిళ్ళ వేయనే లేదు. 1945 లో టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించిన రాజ్యమిది. సర్కారు వారి విమానము బేగంపేట మైదానము నుండి ఎగిరినది గాని, సర్కారు వారి బిళ్ళపై ఎగురలేదు. కావున హైదరాబాదు రాజ్యపు విమానపు తపాలా చరిత్రను బిళ్ళల ఆల్బముల యందు వెదకిన దొరకదు. అది ఇండియా బిళ్ళలంటించిన కవరులపై, వాని వెనుకటి ముద్రలపై మాత్రమే నిలిచియున్నది. కవరు పోయినచో దానికి మారు సాక్ష్యము లేదు.

కవరును చదువు విధము కొంత చెప్పవలసియున్నది. ముందు బిళ్ళ మీది ముద్ర చూడవలెను; అది బిళ్ళ అంచు దాటి కాగితము మీదికి తెగక సాగినదా, లేక బిళ్ళ తరువాత అంటించినదా? వెనుకవైపున చేరిన ఊరి ముద్ర ఉండును. రెండు తేదీల నడిమి దినములు లెక్కించిన ప్రయాణకాలము తేలును. పిమ్మట నీలపు చీటీ. విమానపు తపాలాయని తెలుపు ఆ నీలపు చీటీని అడ్డముగా రెండు గీతలు కొట్టివేసి యుండవచ్చును. అజ్ఞానులు దానిని పాడైన కవరని తక్కువగా చూతురు. నిజమునకు, విమానయానము అంతటితో ముగిసినది, ఇక రైలులోనో ఓడలోనో పొమ్మని తపాలా ఉద్యోగి చేసిన గుర్తది. లండను నుండి కరాచీ వరకు ఎగిరి, అచ్చటనుండి రైలెక్కిన జాబుపై అట్టి గీతలున్నచో కవరు వెల పెరుగునే గాని తరుగదు.

బిళ్ళలు ఊడిపోయిన కవరులు సైతము కొన్ని అపురూపములు. 1935 డిసెంబరు 31 న సిటీ ఆఫ్ ఖార్టూమ్ అను నీటివిమానము అలెగ్జాండ్రియా రేవు చెంత సముద్రమున కూలి, అందున్న 13 గురిలో 12 గురు మరణించిరి. నీటిలోనుండి తీసిన జాబులు బిళ్ళలు కరిగి ఊడి, సముద్రజలము వలన చెడినదను ముద్రతో చిరునామాదారులకు చేరినవి. బిళ్ళ లేని ఆ కవరుకొరకు సేకర్తలు పోటీపడుదురు. పండ్రెండుగురి ప్రాణములతో ముడిపడిన కాగితమును వేలము పాడుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను దానిని భద్రపరచువాడు లేనిచో ఆ ప్రమాదపు ఆనవాలు ఏనాడో మాసిపోయెడిది.

1938 ఫిబ్రవరిలో సామ్రాజ్య తపాలా పథకము వచ్చి, బ్రిటిషు సామ్రాజ్యములోని చాల దేశములకు మొదటి తరగతి జాబులు ప్రత్యేక రుసుము లేకయే విమానమెక్కినవి. యుద్ధము రాగా 1939 లో ఆ పథకము నిలిచినది. యుద్ధకాలపు జాబులు వేరొక పెద్ద కథ. 1948 వేసవిలో కరాచీ నుండి నిజాం రాజ్యమునకు రహస్యముగా ఆయుధములు విమానములపై మోసిన సిడ్నీ కాటన్ పేరు మన పెద్దలు కొందరు వినియుందురు. ఆ కాటనే 1920 ల ఆరంభమున న్యూఫౌండ్లండు మంచుసీమలలో జాబులు మోసిన వైమానికుడు. జాబులు మోసిన చేతులే తుపాకులు మోసినవి!

1949 లో నాగపురము కూడలిగా రాత్రి విమానపు తపాలా మొదలైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి అచ్చట కలిసి, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తమ నెలవులకు మరలెడివి. ఆ యేడు ఏప్రిల్ 1 నుండి దేశములోని జాబులు అదనపు రుసుము లేకయే విమానమున పోవచ్చునని ప్రభుత్వము నిర్ణయించినది. సరిగా ఒక యేటికి, 1950 ఏప్రిల్ 1 న, నిజాం తపాలా శాఖ ఇండియా తపాలాలో లీనమైనది. అటు పిమ్మట మన ఊళ్ళ జాబు ఎగిరినదో, రైలెక్కినదో కవరు చూచి చెప్పుట కష్టము. అందుచేత మన వెదకులాట 1950 కి ముందటి కవరులకే.

అవి ఎక్కడ దొరకును? బొంబాయితో బేరసారములు నడపిన నారాయణపేట చీరల వర్తకుల పాతచిట్టాలలో, ఆముదపు గింజల వ్యాపారుల దస్తరములలో, వకీళ్ళ పెట్టెలలో, విదేశములకు చదువులకు పోయినవారి ఇండ్ల అటుకలపై. 2016 లో నాటి నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి. పాత మిద్దెలు కూల్చి కొత్త కట్టడములు లేచుచున్నవి. మిద్దె కూలిన నాడు ఆ కాగితములు కిలోల లెక్కన చిత్తుకాగితముల వానికి పోవుచున్నవి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొనునపుడు బిందెలు, బొక్కెనలు లెక్కింతురు గాని, జాబుల కట్టను ఎవరును లెక్కింపరు.

గ్రంథాలయము అట్టి కట్టలను అడిగి తెచ్చుటకు ఒక అలమార చాలును. జిగురు పూయరాదు, ప్లాస్టికు పూత అంతకంటె కూడదు. చెదలకును, తేమకును దూరముగా, దళసరి కాగితపు పుటలపై నాలుగు మూలలను కాగితపు త్రికోణములలో దోపి ఉంచవలెను. తుప్పు మరకలు చేయు పిన్నులు తీసివేయవలెను. కవరు మీద సిరాతో ఏమియు వ్రాయరాదు. లోపలి జాబును కవరు నుండి విడదీయక, అది దొరకిన ఊరు, ఇల్లు, తెచ్చిన తేది, ఇంటివారు చెప్పిన వివరములు వేరు చీటీపై పెన్సిలుతో వ్రాసి దానితో జతపరుపవలెను.