లెక్కకు మించిన పన్ను
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పదో తరగతి గ్రూప్ ఫోటో ఇప్పుడే తెర మీద చూశాం. అందులో నోరు బిగించుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి నేనే. పైవరసలో నాకు ముందు పన్ను ఒకటి రాలేదు. "తొర్రోడా" అని పిలిచినవాళ్లు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు, కోపమేమీ లేదు. "అదే వస్తుంది లేరా" అనేది మా నాయనమ్మ. అది ఎందుకు రావడం లేదో మాత్రం ఎవరూ చూపించలేదు.

ఉద్యోగంలో చేరాక, ఇరవై ఆరో ఏట, ఎక్స్‌రేలో కారణం బయటపడింది. పైదవడ ఎముకలో, రెండు ముందు పళ్ల మధ్య, మేకులాంటి చిన్న పన్ను ఒకటి అడ్డం కూర్చుంది. డాక్టర్లు దీన్ని మీసియోడెన్స్ అంటారు. పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. ఈ లెక్కకు మించినవన్నీ అదనపు దంతాలే. శాశ్వత దంతాల్లో నూటికి ఒకరి నుంచి ముగ్గురిలో ఇవి కనిపిస్తాయి; మగపిల్లల్లో ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తాయి.

పన్ను మీద పన్ను అదృష్టమంటారు మనవాళ్లు. అది చాలాసార్లు చోటు చాలక పైకెక్కిన కోరపన్నే. లోపల దాక్కున్న అదనపు పన్ను సంగతి వేరు. పక్క పన్నును రానివ్వదు, వచ్చినా మెలితిప్పుతుంది, మధ్యలో సందు పెడుతుంది. ఒక్కోసారి దాని చుట్టూ నీటితిత్తి కడుతుంది.

నా విషయంలో అప్పటికే పక్క పళ్లు ఖాళీలోకి ఒరిగిపోయాయి. క్లిప్పులు వేసి, వాటిని జరిపి చోటు చేశారు. ఆపరేషన్‌తో ఆ మేకును తీసి, లోపలున్న అసలు పన్నుకు చిన్న గొలుసు అతికించి తీగకు కట్టారు. ఆ వయసులో కదులుతుందో లేదో చెప్పలేమన్నారు. రెండేళ్లు పట్టింది.

ఇంజనీరుగా నేను నేర్చుకున్నది ఇక్కడే. బలం పెంచితే పని త్వరగా అవుతుందనుకుంటాం. పంటికి కావలసింది తక్కువ బలం, ఎక్కువ ఓపిక. ఒత్తిడి పడ్డ వైపు ఎముక కరుగుతుంది, లాగిన వైపు కొత్త ఎముక కడుతుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. తొందరపెడితే వేరు అరుగుతుంది.

మా అమ్మాయికి ఎనిమిదో ఏట ఒక ముందు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండోది రాలేదు. వెంటనే ఎక్స్‌రే తీయించాం. అదే మేకు! తీసేశాక ఏడాదిలోపు అసలు పన్ను తనంతట తానే దిగింది. గొలుసు అవసరం పడలేదు. జబ్బు ఒకటే, చూసిన వయసే తేడా.

ప్రతి అదనపు పన్నునూ తీయాలని లేదు. దేనికీ అడ్డురాకపోతే గమనిస్తూ వదిలేస్తారు. కానీ ఉందని తెలియాలి కదా!

అందుకే మన సంఘానికి ఒక మనవి. ఏటా ఒకరోజు దంతవైద్యుణ్ణి పిలిచి, పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లల పళ్లు లెక్కపెట్టిద్దాం. అనుమానం వచ్చిన పిల్లలకు ఎక్స్‌రే ఖర్చు నేను పెట్టుకుంటాను. మీరు మీ మనవల నోళ్లు ఈ రాత్రే చూడండి.

సెలవు.