బల్ల మీద పూలు, బల్ల చుట్టూ మనుషులు

(మన సంఘం కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, కరువు భత్యం గురించి నాకంటె బాగా మాట్లాడగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను భోజనాల బల్ల అలంకరణ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఇంట్లో ఒక్కనాడైనా విస్తరి వేసి ఎరగనివాణ్ణి, అరవై ఎనిమిదో ఏట ఈ విద్య నేర్చుకున్నాను.

2018 నవంబరులో మేమిద్దరం అమెరికాలో, ఒహైయో రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞత చెప్పుకుంటూ అయినవాళ్ళంతా కలిసి భోంచేస్తారు. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లీషు వలసదారులు, వాంపనోగ్ మూలవాసులు కలిసి చేసుకున్న విందును దీనికి మొదలుగా చెబుతారు. 1863లో లింకన్ దేశమంతటా జరుపుకోమని ప్రకటించాడు. 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. మూలవాసులు తమ నేలను పోగొట్టుకున్నారన్నది కూడా చరిత్రే. అందుకే 1970 నుంచి వారిలో కొందరు ఆ రోజును సంతాప దినంగా పాటిస్తున్నారు.

ఆ రోజు భోజనానికి పదిమందిమి. వంట మా ఆవిడది, అమ్మాయిది. బల్ల సర్దే పని నాకూ, పదకొండేళ్ళ మనవరాలికీ అప్పగించారు. కాషాయరంగు గుడ్డ పరిచాము. దానిమీద పిడికెడంత గుమ్మడికాయలు, రంగురంగుల గింజల మొక్కజొన్న పొత్తులు, గోధుమ వెన్నుల కట్ట, దాల్చినచెక్కలు పేర్చాము. అక్టోబరులో రాలిన మేపుల్ ఆకులను ఆ పిల్ల లావుపాటి పుస్తకాల మధ్య నొక్కి ఆరబెట్టి ఉంచింది. కొన్నవి తక్కువ, ఏరుకున్నవి ఎక్కువ.

సభల అలవాటు కొద్దీ నేను ఎత్తయిన పూలకుండీ నిండా చామంతులు పెట్టి బల్ల నడుమ నిలబెట్టాను. మనవరాలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "తాతయ్యా, ఎదుట అమ్మమ్మ కూర్చుంటే నీకు కనిపిస్తుందా?" అంది. కనిపించదు. కుండీ తీసేశాము.

ఆ పిల్ల నేర్పిన సూత్రాలు చెబుతాను. నడుమ పెట్టే అలంకరణ అడుగు ఎత్తు మించకూడదు. మనిషికి రెండడుగుల చోటు వదలాలి. వాసన వచ్చే కొవ్వొత్తులు పనికిరావు, వంటల వాసనను చంపేస్తాయి. ఎండుటాకుల దగ్గర పెట్టే కొవ్వొత్తి గాజుగ్లాసులోనే ఉండాలి. గిన్నెలకు చోటు ముందు చూసుకుని, మిగిలినదాంట్లోనే పూలు సర్దాలి.

ఒక్కొక్క గుమ్మడికాయ తొడిమకు ఒక్కొక్కరి పేరు చీటీ కట్టాలట. తెలుగులో రాసే పని నాది. ఆఫీసు రిజిస్టర్లలో వేల పేర్లు రాసిన చెయ్యి ఇది. మా ఆవిడ పేరు మాత్రం నామినేషను ఫారం మీద తప్ప ఎక్కడా రాసినట్టు జ్ఞాపకం లేదు. కాసేపు కలం ఆగిపోయింది.

భోజనానికి పిలిచారు. పులిహోర, గుమ్మడికాయ పులుసు, గారెలు, ఆ దేశపు వంటకాలు అన్నీ బల్ల మీదకే వచ్చాయి. మా ఆవిడ అలవాటుగా గరిటె పట్టుకుని నిలబడింది. "మీరు కానివ్వండి, నేను తరువాత తింటాను" అంది. మనవరాలు చీటీ చూపించి, "అమ్మమ్మా, ఇది నీ చోటు" అంది. ఆవిడ చీటీ చదువుకుంది. నా దస్తూరీ గుర్తుపట్టింది. ఏమీ అనకుండా కూర్చుంది.

అందరితోపాటు ఆవిడ వేడన్నం తినడం నేను చూసింది ఆనాడే. ఇన్నేళ్ళూ అడుగున మిగిలిన పులుసు, చల్లారిన అన్నం ఎవరు తిన్నారో నేను ఏనాడూ అడగలేదు. అందులో ఎవరినో తప్పు పట్టనక్కరలేదు, తప్పు నాదే.

ఇంటికి తిరిగి వచ్చాక దసరాకు మా బల్ల నేనే సర్దుతున్నాను. పొట్టి ఇత్తడి చెంబులో బంతిపూలు, కొస ఎడమవైపుకు వచ్చేలా అరిటాకులు, చేతికందేలా గిన్నెలు. వడ్డించడానికి ఎవరూ లేవనక్కరలేదు.

మిత్రులారా, రాబోయే పండుగకు పూలు మీ ఇష్టం వచ్చినన్ని పెట్టుకోండి. వంట చేసినవారి కుర్చీ ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.