సార్, నేను చెప్తా!

 

ఈ రోజు ఉపాధ్యాయ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ముప్పాళ్ళ, రాజుపాలెం, క్రోసూరు, అచ్చంపేట మండలాల్లోని ఏదో ఒక ప్రాథమిక పాఠశాలలో చేరతారు. అందుకే ఇవాళ ఒక్క పని గురించే మాట్లాడతాను. పిల్లల చేతే లెక్కల పాఠం వీడియో చేయించండి.

నాలుగో తరగతి పిల్లకు 402 లోంచి 157 తీసెయ్యమని ఇచ్చారనుకోండి. 245 అని రాసింది. మీరు ఎర్ర సిరాతో టిక్కు పెట్టి పంపేస్తారు. అదే లెక్కను ఫోను ముందు చెప్పమనండి. "రెండులోంచి ఏడు పోదు. పక్కన సున్నా ఉంది, దాని దగ్గరేమీ లేదు. అందుకని నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చా. నాలుగు మూడైంది, సున్నా తొమ్మిదైంది, రెండు పన్నెండైంది." సున్నా తొమ్మిది ఎందుకైందమ్మా? "అంతే సార్. అట్లాగే రాయాలి."

ఆ "అంతే సార్" దగ్గరే మన పని మొదలవుతుంది. జవాబు సరైనదే, లెక్క మాత్రం పిల్లకు తెలియదు. నోటుబుక్కులో అది ఎన్నటికీ కనిపించదు. ఇప్పుడు పుల్లలు ఇవ్వండి. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట, పది కట్టలు కలిపితే వంద పుల్లల పెద్ద కట్ట. నాలుగు పెద్ద కట్టల్లో ఒకటి విప్పితే పది చిన్న కట్టలు వస్తాయి. వాటిలో ఒకటి విప్పి ఒకట్ల దగ్గర పోస్తే మిగిలేవి తొమ్మిది. రెండోసారి వీడియోలో ఆ పిల్ల కట్ట విప్పుతూ, ఆ తొమ్మిది ఎక్కణ్ణించి వచ్చిందో తానే చూపిస్తుంది. మొదటి వీడియో చెరిపెయ్యకండి. రెండూ పక్కపక్కన పెట్టి తననే చూడమనండి.

ఇది చిన్న విషయం కాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చెయ్యగలిగినవారు 30.7 శాతమే. తీసివేత గట్టిగా రాని పిల్లకు భాగహారం ఎలా వస్తుంది?

పిల్లలు పిల్లలకు చెప్పడం మన నేలకు కొత్త కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమ బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన దగ్గరి ఉపాధ్యాయులు ఆ పద్ధతికి ముందుకు రాకపోతే, ఎనిమిదేళ్ళ కుర్రాడికి తరగతి అప్పగించాడు. అదే 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండు దాకా వెళ్ళింది. మన కాలంలో కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో ఎరిక్ మార్కోస్ అనే లెక్కల టీచరు తన విద్యార్థుల చేత పాఠాల వీడియోలు చేయించి, వాటిని లోకానికంతా అందుబాటులో పెట్టారు.

చెబితే నిజంగా వస్తుందా అన్నదాన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. ఫియొరెల్లా, మేయర్ 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో కాలేజీ విద్యార్థులు డాప్లర్ ప్రభావం పాఠం చదివారు. కొందరు పరీక్ష కోసమే చదివారు. కొందరు చదివి, కెమెరా ముందు నిలబడి చెప్పారు. వారం తరవాత పెట్టిన పరీక్షలో చెప్పినవాళ్ళే ముందున్నారు. వాళ్ళు పెద్దవాళ్ళే అయినా, చెప్పేటప్పుడు మనసు పడే కష్టం ఏ వయసులోనైనా ఒకటేనని నా నమ్మకం.

అందుకే క్లాసు ఫస్టు వచ్చే పిల్లాడికే ఫోను ఇచ్చెయ్యకండి. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్లకు ముందు ఇవ్వండి. ముగ్గుర్ని కలపండి. ఒకరు చెబుతారు, ఒకరు పుల్లలు కదుపుతారు, మూడో వాళ్ళు ఫోను పట్టుకొని "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అంటారు. ఆ మూడోవాళ్ళే నా దృష్టిలో అందరికన్నా ముఖ్యం. రెండు నిమిషాలు చాలు. పాటలు, మెరుపులు అక్కర్లేదు. అధికారులు వచ్చినప్పుడు చూపించడానికని బట్టీ పట్టించి తీసే వీడియోల జోలికి అసలు పోకండి. అవి పిల్లల నోట మన మాటలే పలికిస్తాయి.

ఒక్క టీచరే అయిదు తరగతులూ చూసుకునే బడిలో దీనికి తీరిక ఎక్కడిదని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాఠానికొకటి చాలు, అదీ అందరి చేతా ఒకే రోజు వద్దు. మీరు రెండో తరగతికి చెబుతున్నప్పుడు నాలుగో తరగతి ముగ్గురు వరండాలో ఈ పనిలో ఉంటారు.

మన దగ్గర మరో అవసరం ఉంది. మిరప కోతల కాలంలో ఆదోని, కోసిగి వైపు నుంచి కూలీల కుటుంబాలు పల్నాడు వస్తాయి. వాళ్ళ పిల్లలు చేలగట్ల మీద ఉండిపోతారు, లేదంటే చదువు సంవత్సరం మధ్యలో మీ బడి గుమ్మంలో నిలబడతారు. అలా వచ్చిన పిల్లకు, తన ఈడు పిల్లే తీసివేత చెప్పే వీడియో చూపించండి. మీకు తీరిక దొరికేదాకా ఆమె ఊరికే కూర్చోనక్కర్లేదు. వారం తిరక్కుండా ఆమె చేత కూడా ఒకటి చేయించండి, తన ఊరి యాసలోనే. దిద్దకండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఫోను కింది వైపుకు పెట్టి, చేతులూ పుల్లలూ పలకా మాత్రమే తియ్యండి. ముఖం అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. యూట్యూబులో పెట్టాలన్న ఆశ ఎంత ఉన్నా, ముందు అమ్మానాన్నల్ని బడికి పిలిచి, తరగతిలోని టీవీలో వాళ్ళకు చూపించి, అనుమతి అడగండి. వద్దంటే ఆ వీడియో బడి దాటకూడదు.