ఆవగింజలో అరవయ్యో వంతు



సైన్సు రచయితల సదస్సుకు అధ్యక్షత వహించమన్నారు. నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఇంతమంది పెద్దల ముందు ఈ కుర్చీకి తగనని తెలిసీ, సభ లేత్ షెడ్ల ఆటోనగర్‌లో అనగానే ఒప్పుకున్నాను. నానోమీటర్ల మాట ఎత్తడానికి థౌల్లో కొలిచేవాళ్ల పేట కంటే మంచి చోటేముంది?

పొద్దున వస్తూ ఒక లేత్ షెడ్డు దగ్గర ఆగాను. లారీ క్రాంకు విప్పి బల్ల మీద పెట్టారు. మేస్త్రి దాన్ని గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్ బిగించి, "మూడు థౌలు తినేసిందండీ" అన్నాడు. అంటే ఎంత బాబూ అన్నాను. నావైపు ఓసారి చూసి, తలలోంచి వెంట్రుక పీకి, అదే మైక్రోమీటర్‌లో పెట్టి చూపించాడు. "ఇంత." అది కూడా ఇంచుమించు మూడు థౌలే. అన్నేళ్లు పాఠాలు చెప్పిన నేను ఒక్కనాడూ అంత బాగా చెప్పలేదు.

థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25.4 మైక్రాన్లు. మనవాళ్లు 'ఆవగింజలో అరవయ్యో వంతు' అంటారు కదా! ఆవగింజ అడ్డకొలత మిల్లీమీటరున్నర అనుకోండి. అందులో అరవయ్యో వంతు 25 మైక్రాన్లు. అంటే ఒక థౌ! మన నానుడి లేత్ మేస్త్రి చేతిదాకా వచ్చి ఆగింది. అక్కణ్ణించి కిందికి మెట్లు కట్టాల్సింది మనం. మనమేమో సూక్ష్మం, అతిసూక్ష్మం, అత్యంత సూక్ష్మం అని విశేషణాలు పేరుస్తున్నాం. ఏ మేస్త్రీ 'అతిసూక్ష్మంగా అరిగింది' అనడు. అలా అంటే ఏ సైజు బేరింగు తేవాలో కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

మెట్లు దిగి చూద్దాం. థౌను పాతిక ముక్కలు చేస్తే సుమారు మైక్రాను, బాక్టీరియాల కొలత. దాన్ని పది చేస్తే 100 నానోమీటర్లు. 2020లో మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన కరోనా వైరస్ ఇంచుమించు అంతే. దాన్ని యాభై చేస్తే 2 నానోమీటర్లు, డీఎన్ఏ పోగు మందం. నానోమీటరును మిల్లీమీటరంత పెంచామనుకోండి, అదే లెక్కన పదేళ్ల పిల్లవాడు కృష్ణమ్మంత పొడుగవుతాడు. మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా, 1,400 కిలోమీటర్లు.

ఇంకో సంగతి. వస్తువు అంత చిన్నదైతే గుణమే మారిపోతుంది. బంగారాన్ని పది ఇరవై నానోమీటర్ల రేణువులుగా నీళ్లలో చేస్తే ఎర్రగా కనిపిస్తుంది. సెంటీమీటరు ఘనాన్ని నానోమీటరు ఘనాలుగా కోస్తే వాటి పైతలాలన్నీ కలిపి 6,000 చదరపు మీటర్లు. మన డెల్టా లెక్కలో ఎకరం 48 సెంట్లు! చిటికెడు లోహానికి అంత చేను దొరికితే పంట వేరుగా ఉంటుంది. పెట్రోలు కారు పొగగొట్టం దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పలాడియం, రోడియం రేణువులు విషవాయువుల్ని విరిచేది ఆ చేనులోనే. టైరు త్వరగా అరగకుండా కాసేది కూడా రబ్బరులో కలిపిన పదుల నానోమీటర్ల మసి. నానో ఆటోనగర్‌కు కొత్త చుట్టమేమీ కాదు.

కంటికి ఆనని దాన్ని కొలిచేదెలా? 1909లో ఆగిరిపల్లిలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. అణువు చెదరగొట్టిన వెలుగులో రంగు ఎంత మారిందో చూసి అణువు అమరికను చదివే విద్య అక్కడిది. 1981లో జ్యూరిక్‌లో బిన్నిగ్, రోరర్ అనే శాస్త్రవేత్తలు సన్నటి సూదిమొనతో పరమాణువుల్ని తడమడం మొదలుపెట్టారు. మొన తగలదు, మధ్య సందులో పారే కరెంటే ఎత్తుపల్లాలు చెబుతుంది. సిలిండర్ బోరులో గోరు జరిపి గాడి పడిందో లేదో చెప్పే మేస్త్రికి ఈ పద్ధతి సగం తెలిసినట్టే.

ఈ రెండు రోజులూ పత్రాలు చదవబోయేవారికి నాదొక మనవి. అంకె వచ్చిన చోటల్లా పక్కన చేతికందే వస్తువొకటి పెట్టండి. వీలైతే సాయంత్రం రోడ్డు దాటి, ఏదో ఒక షెడ్డులో మీ పత్రం ఒక పేజీ వినిపించండి. మేస్త్రి చేతిలో పని ఆపి "అంటే ఎంతండీ?" అన్నాడంటే, ఆ పేజీ మళ్లీ రాయండి.