‘కు’ చేయని నేరము

(శ్రీసిటీలో చేసిన స్మారకోపన్యాసము)



 ఎవరి స్మృత్యర్థము ఈ స్మారకోపన్యాసనిధి ఏర్పడినదో ఆ మాస్టారు, తమ పేరు ఆహ్వానపత్రముమీదగాని పుస్తకపు అట్టమీదగాని వేయరాదని ఇంటివారివద్ద మాట తీసికొని మఱీ కన్నుమూసిరి. కనుక నేనును వారిని మాస్టారనియే వ్యవహరింతును. వారి పాండిత్యము, క్రమశిక్షణ మీరందఱు ఎఱిగినవే. నాకు మాత్రము వారనగానే ఒక పోస్టుకార్డు జ్ఞప్తికి వచ్చును. ఉద్యోగములో చేరిన తొలియేట, వ్యాకరణవిషయమై ఒక సందేహము తీర్చుడని వారికి ఇంగ్లీషులో వ్రాయుచు, ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటిని. వారము తిరుగకమునుపే నా కార్డు కవరులో నాకే తిరిగి వచ్చినది. ‘మీ’కు ముందు ఎఱ్ఱసిరాతో ఒక చిన్న ‘టు’. అడుగున, “తెలుగులో ఆలోచించితివి” అని ఒక్క వాక్యము. సందేహమునకు సమాధానము లేదు. ‘టు’ను నేను ఆనాడే శిరసావహించితిని. ఆ వాక్యముతో మాత్రము 40 సంవత్సరములుగా కలహించుచున్నాను. ఆ కలహమునకు వారి స్మారకవేదికయే దొరకుట నా భాగ్యమో, వారి దురదృష్టమో మీరే తేల్చవలెను.

విషయప్రవేశమున జాగుచేయను. ‘గివ్ మీ ద బుక్’, ‘గివ్ ద బుక్ టు మీ’ అను రెండును చెల్లుననియు, ‘ఎక్స్‌ప్లెయిన్’ మాత్రము ‘టు’ అను ద్వారపాలకుడు లేనిదే మనిషిని లోనికి రానీయదనియు మీకు తెలియును. ‘స్విచ్ ఆఫ్ ద మెషీన్’ అన్నను, ‘స్విచ్ ద మెషీన్ ఆఫ్’ అన్నను దోషము లేదుగాని, యంత్రమునకు మాఱుగా సర్వనామము వచ్చెనా, అది నడుమనే కూర్చుండి ‘స్విచ్ ఇట్ ఆఫ్’ కావలసినదే. ‘లుక్ ఎట్ ఇట్’లో అదే సర్వనామము బుద్ధిగా కడపటికి పోవును. ఇవి అన్నియు 1922లో జపాను చేరిన ఇంగ్లీషు బోధనావేత్త హెరాల్డ్ పామరును, ఆయన బాటలో నడచిన హార్న్‌బీయును వర్గీకరించి చూపినవే. 1942లో టోక్యోలో వెలువడిన నిఘంటువునందును, 1954 నాటి క్రియాప్రయోగ గ్రంథమునందును హార్న్‌బీ చేసిన పనిని తిరుగ నెమరువేయుట చర్వితచర్వణము.

వివాదమంతయు ఆ ఎఱ్ఱసిరా వాక్యములోనే ఉన్నది. మాతృభాషకును నేర్చుకొను భాషకును తేడా ఉన్నచోటనే కష్టము పుట్టునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించిన నాటినుండి, మన పిల్లలు ఇంగ్లీషులో చేయు ప్రతి తప్పునకును తెలుగును బోనెక్కించుట మన బోధకులకు వాడుకయైనది. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ వినగానే, ‘నాకు వివరించుము అన్నదానికి మక్కికి మక్కి’ అని తీర్పు. అయ్యా, ‘నాకు’లో ‘కు’ లేదా? ‘టు’ చేయవలసిన పనిని చేయునది ఆ ‘కు’యే కదా! తెలుగును మూటగట్టుకొని ఇంగ్లీషులోనికి పోవువాడు ఆ ‘కు’ను మాత్రము గుమ్మముకడ ఏల విడిచిపోవును? ‘హీ టోల్డ్ టు మీ’ అన్నవాడు నిజముగా ‘కు’ను మోసికొనిపోయినవాడు, అతని విషయమున మాస్టారి తీర్పును ఒప్పుకొందును. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అన్నవాని మూటలో ‘కు’ లేదు. దొరకని సొత్తునకు దొంగతనము ఎట్లు అంటగట్టుదురు?

దీనికి ఒక ప్రతివాదము కలదు. తెలుగు ‘చెప్పు’, ‘వివరించు’ అను రెండింటిని ఒకే తీరున నడపును, కావున విద్యార్థి ‘టెల్’, ‘ఎక్స్‌ప్లెయిన్’లను ఒకే గాటకట్టెను, అదియు తెలుగు ప్రభావమే అందురు. చమత్కారముగానే ఉన్నది. కాని ‘టు’ను అనవసరముగా చేర్చినను తెలుగే కారణము, అవసరమైనచోట విడిచినను తెలుగే కారణము అను వాదము రెండింటిని నిరూపింపబోయి ఒకదానినైనను నిరూపింపలేదు. తప్పు నేర్చువాని బుద్ధివ్యాపారమునకు సాక్ష్యమని కార్డర్ 1967లోను, వేఱువేఱు మాతృభాషలవారు ఇంగ్లీషులో ఒకే తీరు తప్పులు చేయుదురని జాక్ రిచర్డ్స్ 1971లోను చూపిన పిమ్మటనైనను మనము సాక్షులను పిలిచి విచారింపవలసియుండెను.

నా విచారణ ఇది. ‘గివ్’, ‘టెల్’, ‘షో’, ‘సెండ్’ ఇంగ్లీషువారి అచ్చపు ఇంటిమాటలు. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డిస్క్రైబ్’, ‘సజెస్ట్’ లాటినునుండి వచ్చిన, మన పరిభాషలో చెప్పవలెనన్న, తత్సమములు. దేశ్యక్రియలు మనిషిని నేరుగా ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. తత్సమక్రియలు ‘టు’ అను మర్యాద కోరును. ‘ప్రామిస్’ వంటి అపవాదములు లేకపోలేదు. పెద్దల ప్రయోగములుగా తెలుగుమాటను సంస్కృతపదముతో ముడివేసిన కొన్ని వైరిసమాసములు మనలోను నిలువలేదా? ఇంటిమాటల పోకడను విద్యార్థి తత్సమమునకు తొడుగగా పుట్టినది ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’. అది ఇంగ్లీషుగడ్డపై మొలచిన వైరిసమాసము, తెలుగు విత్తనము కాదు.

‘డిస్కస్ అబౌట్ ఇట్’ సంగతియో? ‘గురించి’ తెచ్చిన తంటా ఇదియని ఎగతాళి చేయువారు చిన్ననాడు వల్లించిన విభక్తులను ఒకసారి తలచుకొందురుగాక: ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయావిభక్తి.’ ‘విషయమును చర్చించిరి’, ‘విషయమును గురించి చర్చించిరి’ అను రెండు దారులును తెలుగులో కలవు. ఒకటి సరిగా ఇంగ్లీషు దారియే. విద్యార్థి ఆ దారిని కాదని ‘అబౌట్’ పట్టుటకు, ‘డిస్కషన్ అబౌట్’ అను నామరూపమును, ‘టాక్ అబౌట్’ అను పొరుగు క్రియను ఇంగ్లీషే అతనికి నేర్పియుండుట కారణము కారాదా?

తెలుగు నిరపరాధి అను ఈ తీర్పు నాకు గ్రంథాలయములో దొరకలేదు, ఇక్కడనే దొరికినది. ఈ సత్యవేడు ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు చేరియుండెను; నేటికిని ఇచ్చటి బస్సులో మన ‘నాకు’, తమిళుల ‘ఎనక్కు’ ఒకే సీటులో కూర్చుండును. కొంతకాలము క్రిందట ఇచ్చటి ఒక కర్మాగారపు శిక్షణగదిలో వెనుక బెంచీపై కూర్చుంటిని. వరదయ్యపాళెమునుండి వచ్చిన అమ్మాయి ఒకతె డ్రాయింగుషీటుపై వ్రేలుంచి, “సర్, ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్” అన్నది. జపాను ఇంజనీరు తల పంకించి, “యెస్, ఐ ఎక్స్‌ప్లెయిన్ యూ” అన్నాడు. ఆయన భాషలో అట్టిచోట మనిషికి ‘ని’ అను ప్రత్యయము తగిలింతురు. మన ‘కు’ చేయు పనినే అది చేయును. అనగా అటు ‘ని’, ఇటు ‘కు’ పదిలముగా ఇంటనే ఉండగా, ఇరువురును ఒకే తప్పు చేసిరి. షీటులోని కొలత ఆమెకు బోధపడినది; జేబులో ఎఱ్ఱకలము పెట్టుకొని కూర్చున్న నాకు అంతకంటె పెద్దదే బోధపడినది.

కనుక తరగతిలో తెలుగును వెలివేసినంతమాత్రమున ఈ తప్పు పోదు. పైగా దానిని దిద్దు పనిముట్టు తెలుగులోనే ఉన్నది. ప్రస్తుతము నేను కూర్చుచున్న చిన్న కోశములో ఒక్కొక్క ఇంగ్లీషు క్రియకు అర్థముతోపాటు దాని విభక్తిపొందికను తెలుగులిపిలో ఇచ్చుచున్నాను. ‘ఎక్స్‌ప్లెయిన్: దేనిని, ఎవరికి, ‘కు’ ఉన్నచోట ‘టు’ తప్పదు.’ ‘టెల్: ఎవరికి, దేనిని, మనిషి వెంటనే వచ్చినచో ‘కు’ మ్రింగబడును.’ ‘స్విచ్ ఆఫ్: దేనిని, ‘ఇట్’ నడుమనే.’ చీటీలన్నియు ఒక చెప్పులపెట్టెలో ఉన్నవి. ఇచ్చటి కర్మాగారములలో పనిచేయువారు, నేర్పువారు తాము విన్న వాక్యములను, దిద్దక, విన్నవి విన్నట్లుగా వ్రాసి పంపిన ఆ పెట్టె నిండును. దిద్దినవి నాకు పనికిరావు.

ఆ పెట్టెలో ‘ఎక్స్‌ప్లెయిన్’ క్రింద మొదటి చీటీ మాస్టారు తిప్పి పంపిన నా కార్డే. వారి ‘టు’ జోలికి నేను పోలేదు. అడుగునున్న వాక్యములో మాత్రము ‘తెలుగులో’ అన్న మాటను నీలిసిరాతో కొట్టివేసి, పైన ‘ఇంగ్లీషులో’ అని వ్రాసితిని. తిప్పి పంపుటకే చిరునామా లేదు.