కచేరీ తలుపులు మూసిన దినములు



కలహించువారు పెద్దలు; కష్టపడువారు పేదలు. నేడు నేను మనవి చేయదలచినదంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

2025 అక్టోబరు 1 మొదలు నవంబరు 12 వరకు, 43 దినములు, అమెరికా కేంద్రప్రభుత్వము మూతపడినది. వ్యయమునకు అనుమతినిచ్చు శాసనముపై అచ్చటి రెండు పక్షములకు సమాధానము కుదరకపోవుటయే దీనికి హేతువు. లక్షలాది ఉద్యోగులు జీతము లేక పనిచేసిరి, లేదా ఇంట కూర్చుండిరి. అచ్చటి కార్మికశాఖ విదేశీయుల ఉద్యోగపత్రములను కొంతకాలము నిలిపివేయుటచే, బిడ్డలను ఆ దేశమునకు పంపిన మన గోదావరి గ్రామముల తలిదండ్రులును కలవరపడిరి. ఇట్టి విపరీతము మన దేశమున రాదుగదా యని పలువురు నన్నడిగిరి.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ ఆపదను ముందే ఊహించిరి. బడ్జెటు పూర్తిగా ఆమోదము పొందులోపల, 116, 206 అధికరణముల క్రింద తాత్కాలికముగా వ్యయానుమతి పొందవచ్చును. శాసనసభలో ద్రవ్యబిల్లు ఓడినచో మంత్రివర్గము దిగిపోవలయునేగాని కచేరీలు మూయనక్కఱలేదు. శాసనమండలి ద్రవ్యబిల్లును 14 దినములకు మించి ఆపజాలదని 198వ అధికరణము విధించుచున్నది.

అయినను ఆ 14 దినములే చాలినవి! 2020 జూన్ 17న, ప్రతిపక్షమునకు ఆధిక్యముగల మన శాసనమండలి, రాజధాని బిల్లులపై చెలరేగిన కలహములో, ద్రవ్యవినిమయ బిల్లును ఆమోదింపకయే నిరవధికముగా వాయిదాపడినది. అంతకుముందటి వ్యయానుమతి జూన్ 30తో ముగిసినది. జూలై 1న రావలసిన జీతములును, విశ్రాంత ఉద్యోగుల పింఛనులును కొన్ని దినములు ఆలస్యమైనవి. అది కరోనా కాలము. ఆసుపత్రి నర్సు ప్రాణమునకు తెగించి పనిచేయుచుండగా, తప్పు మీదంటే మీదని ఉభయపక్షములవారు వాదులాడుకొనిరి. ఇంటి అద్దెగాని, పాలవాని బాకీగాని, చీటీ వాయిదాగాని ఆ వాదము తేలువరకు ఆగునా?

ఇది పైనుండి పడిన మూత. క్రిందినుండి పడిన మూతయు మన మెఱుగుదుము. తెలంగాణమున 2011లో సకలజనుల సమ్మె 42 దినములు సాగినది. సీమాంధ్రమున 2013 ఆగస్టు 13 మొదలు అక్టోబరు 17 వరకు, 66 దినములు, ప్రభుత్వోద్యోగులు సమైక్యాంధ్రమునకై సమ్మె చేసిరి. స్వచ్ఛంద సేవకుడనై నేనును ఆ ఊరేగింపులలో నడచితిని. ఆ ఉద్యమమునందలి ఆవేదన నేటికిని నాకు గౌరవాస్పదమే. కాని ఆ దినములలో ఈ డెల్టాలో ఏమి జరిగినదో జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆర్టీసీ బస్సులు సుమారు రెండు నెలలు డిపోలు దాటలేదు. లంకలనుండి కాకినాడ పెద్దాసుపత్రికి పోవలసిన రోగి ఆటోవాడడిగినంత ఇచ్చుకొనవలసివచ్చెను. కుల, ఆదాయ ధ్రువపత్రములకై విద్యార్థులు తహసీలుదారు కచేరీ గుమ్మమున పడిగాపులు పడిరి. రిజిస్ట్రారు కచేరీ మూతపడగా, బిడ్డ పెండ్లికి పొలము బేరము పెట్టినవాడు దస్తావేజు లేక అప్పు తెచ్చుకొనెను. అక్టోబరులో విద్యుదుద్యోగులును సమ్మెకు దిగగా రైళ్లు నిలిచెను, కుళాయిలు ఎండెను. రాష్ట్ర విభజన మాత్రము ఆగలేదు. 2014 జూన్ 2న జరిగియే తీరెను.

పూర్వము మనము పరప్రభుత్వమును స్తంభింపజేయలేదా యని కొందఱనవచ్చును. చేసితిమి. 1921-22లో పెదనందిపాడు రైతులు శిస్తు నిరాకరించిరి. గ్రామోద్యోగులు తమ పదవులకే రాజీనామా లిచ్చిరి. ఆ పోరాటమున నష్టమును పోరాడువారే భరించిరి. నేడో, నష్టమును కలహములో భాగములేనివాని నెత్తిన మోపుచున్నాము. ప్రభుత్వము మనదైన పిమ్మట దాని తలుపు మూయుటయనగా మన యింటి తలుపు మూసికొనుటయే. ఉద్యోగికి సమ్మెకాలపు జీతము పిదపనైనను దక్కవచ్చును. దినకూలికి పోయిన దినమును ఎవరు తిరిగి యిత్తురు?

కావున మూడు విన్నపములు. మొదటిది, శాసనసభ్యులకు: ఇతర బిల్లులపై ఎంత కలహించినను, వ్యయానుమతి బిల్లును ముందుగా ఆమోదించి తరువాత కలహింపుడు. రెండవది, ఉద్యమనాయకులకు: సమ్మెకు పిలుపునిచ్చుటకు ముందే, ఆపరాని పనుల పట్టికను ప్రకటింపుడు. మంచినీరు, ఆసుపత్రి, విద్యుత్తు, రేషను, విద్యార్థుల పత్రములు అందులో నుండవలయును. మూడవది, నా తోడి న్యాయవాదులకు: కోర్టు బహిష్కరణకు మనకు హక్కులేదని సుప్రీంకోర్టు 2002లో హరీశ్ ఉప్పల్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. తీర్పు మాట యటుంచినను, జామీనుకై జైలులో ఎదురుచూచువాడు మన ఆగ్రహమునకు మూల్యము చెల్లింపరాదు.

అన్యాయము నెదిరించు హక్కును వదలుకొనుమని నేననుట లేదు. ఆ హక్కునకగు ఖర్చు మన చేతినుండి చెల్లింతము. పొరుగువాని కంచమునుండి తీయవలదు.